కోయింబ్రా యూనివర్సిటీ విజిట్ రివ్యూ: లైబ్రరీ కోసం వెళ్ళండి, కానీ అది చూసి వెనక్కి వచ్చేయకండి

లిస్బన్ చూశాం, పోర్టో చూశాం, ఇంక పోర్చుగల్ అయిపోయింది అనుకునేవాళ్ళు చాలామందే ఉంటారు, ఆ రెండిటికీ మధ్యలో రైలు దార్లోనే ఉన్న కోయింబ్రాలో మాత్రం దిగరు. దిగినవాళ్ళు కూడా ఏం చేస్తారంటే ఫొటోల్లో చూసిన ఆ బంగారు లైబ్రరీకి టికెట్ కొనుక్కుని, లోపల కాసేపు తల పైకెత్తి చూసి, బయటికొచ్చి నది వైపు ఒక సెల్ఫీ కొట్టి వెళ్ళిపోతారు. టికెట్ డబ్బులు దండగా అంటే కానే కాదు, లైబ్రరీ ఒక్కటే చూసినా గిట్టుబాటే. కానీ నన్నడిగితే ఆ కొండ మీద అసలు మజా వేరే ఉంది. ఏ రాజు వచ్చినా, ఏ మంత్రి వచ్చినా, చివరికి నియంత వచ్చినా అందరూ ఈ యూనివర్సిటీ మీద చెయ్యేసి తమకి నచ్చినట్టు కట్టించుకున్నవాళ్ళే, ముందువాళ్ళు కట్టింది నచ్చకపోతే పడగొట్టినవాళ్ళే. ఆ లాగులాట మొత్తం గోడల్లో కనిపిస్తుంది, కాకపోతే దానికి కనీసం సగం రోజు పెట్టుకోవాలి.

ముందు టికెట్ సంగతి. పాత ప్యాలెస్, చాపెల్, లైబ్రరీ, సైన్స్ మ్యూజియం కలిపి ఒక టికెట్ ఉంటుంది, టవర్ ఎక్కాలంటే విడిగా. లైబ్రరీకి మాత్రం టికెట్ మీద టైమ్ వేసి ఉంటుంది, ఆ టైమ్‌కే వెళ్ళాలి, బ్యాచ్ బ్యాచ్‌లుగా పంపిస్తారు, లోపల మహా అయితే ఇరవై నిమిషాలు. మిగతావి ఆ రోజులో ఎప్పుడైనా చూడొచ్చు. కాబట్టి ఎండాకాలం సీజన్లో ముందే ఆన్‌లైన్లో కొనుక్కోండి, లేకపోతే అక్కడికెళ్ళాక సాయంత్రం స్లాట్ మిగులుతుంది, మీ రైలేమో నాలుగింటికి ఉంటుంది. ఇంకో మాట, ఊరు కింద నది ఒడ్డున, యూనివర్సిటీ కొండ మీద, మధ్యలో క్వెబ్రా కోస్తాస్ అని నిటారు మెట్ల సందు ఒకటి. రాళ్ళు అరిగి నున్నగా అయిపోయి ఉంటాయి, వాన పడితే జారుడుబండే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే టాక్సీలో నేరుగా పైకి వెళ్ళిపోయి, దిగేటప్పుడు మాత్రం నడవండి.

చరిత్ర ఎక్కువ లాగను గానీ కొంచెం తెలిస్తేనే బిల్డింగులు అర్థమవుతాయి. 1290లో దినీస్ అనే రాజు దీన్ని పెట్టాడు, పెట్టింది ఇక్కడ కాదు లిస్బన్‌లో. అదే ఏడు పోప్ నాలుగో నికొలస్ ఆమోదం కూడా వచ్చింది. తర్వాత 1308లో కోయింబ్రాకి మార్చారు, 1338లో మళ్ళీ లిస్బన్, 1354లో మళ్ళీ కోయింబ్రా, 1377లో మళ్ళీ లిస్బన్, ట్రాన్స్‌ఫర్ల మీద తిరిగే గవర్నమెంటు ఉద్యోగి కాపురంలా అటూ ఇటూ. చివరికి 1537లో మూడో జొవావ్ రాజు ఇక్కడికి తెచ్చి స్థిరం చేశాడు, అప్పట్నుంచి కదల్లేదు. తెచ్చి ఏకంగా తన ప్యాలెస్‌లోనే క్లాసులు పెట్టించాడు. ఆ ప్యాలెస్ కూడా మామూలుది కాదు, పదో శతాబ్దంలో ముస్లిం పాలకులు కట్టిన కోట, తర్వాత పోర్చుగల్ తొలి రాజు అఫొన్సో హెన్రీకెస్ కాపురమున్న ఇల్లు. 1385లో మొదటి జొవావ్‌ని రాజుగా ప్రకటించిన సభ జరిగింది కూడా ఈ ప్యాలెస్‌లోనే. యూనివర్సిటీ ఆ ప్యాలెస్‌ని డబ్బులిచ్చి సొంతం చేసుకుంది 1597లో, అప్పటికి పోర్చుగల్ సింహాసనం మీద ఉన్నది స్పెయిన్ రాజు రెండో ఫిలిప్. అంటే అరవై ఏళ్ళు రాజుగారింట్లో ఉండి తర్వాత ఆ ఇల్లే కొనేశారన్నమాట.

లోపలికి వెళ్ళే ద్వారం పేరు పోర్టా ఫెర్రియా, 1634 నాటిది. పాత కోటకి గుమ్మం ఉన్నచోటే దీన్ని కట్టారు. అందరూ దాని కిందనుంచి గబగబా వెళ్ళిపోతారు, మీరు ఒక నిమిషం ఆగి పైకి చూడండి. బయటివైపు ఒక రాజు, లోపలివైపు ఒక రాజు, ఒకరు పెట్టినాయన దినీస్, ఇంకొకరు తెచ్చినాయన మూడో జొవావ్. చుట్టూ ఆడబొమ్మల రూపంలో న్యాయం, వైద్యం, మతశాస్త్రాలు నిలబడి ఉంటాయి. అప్పుడు ఈ యూనివర్సిటీ అంటే ఆ చదువులే, వాటినే గుమ్మం మీద చెక్కారు. లెక్కలు, సైన్సు అక్కడ కనపడవు, వాటి కథ తర్వాత వస్తుంది.

గేటు దాటితే పెద్ద ఖాళీ చతురస్రం. మూడువైపులా బిల్డింగులు, నాలుగోవైపు ఏమీ లేదు, కింద మొండేగో నది, ఊరి కప్పులు, అవతలి కొండలు. చూడగానే అబ్బ, ఎంత బాగా వదిలేశారో ఆ వైపు వ్యూ కోసం అనిపిస్తుంది. నిజానికి అక్కడ పద్దెనిమిదో శతాబ్దం చివర కట్టిన ఖగోళ అబ్జర్వేటరీ ఉండేది, దాన్ని 1950ల మొదట్లో పడగొట్టేశారు. మనం ఫొటో తీసుకునే ఆ వ్యూ డెబ్భై ఏళ్ళ కిందటిదే. మధ్యలో నిలబడ్డ మూడో జొవావ్ విగ్రహం కూడా 1950 నాటిదే, పక్కన ఉన్నవాటితో పోలిస్తే నిన్నగాక మొన్నటిది.

ఇప్పుడు లైబ్రరీ. జొవానినా లైబ్రరీ అంటారు, అయిదో జొవావ్ రాజు కట్టించాడు కాబట్టి, 1717లో మొదలుపెట్టి 1728కి పూర్తిచేశారు. ఆ కాలంలో బ్రెజిల్ గనుల నుంచి పోర్చుగల్‌కి బంగారం ఓడల కొద్దీ వస్తోంది, ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియని రాజు ఈయన, లోపలికి అడుగుపెడితే ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వరసగా మూడు హాళ్ళు, ఒకదాన్నుంచి ఇంకోదానికి పెద్ద కమాను. అల్మరాలు నేల నుంచి కప్పు దాకా రెండంతస్తులు, ఒక్కో హాలుకి ఒక్కో రంగు వేసి దానిమీద బంగారు రేకుతో బొమ్మలు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ బొమ్మలు యూరప్‌వి కావు, గొడుగులు పట్టుకున్న మనుషులు, పక్షులు, గుళ్ళలాంటివి, అప్పట్లో అక్కడ ఫ్యాషన్‌గా ఉన్న చైనా స్టైలు. పై అరల పుస్తకాలు అందుకోవడానికి నిచ్చెనలు కావాలి కదా, అవి విడిగా ఎక్కడా కనపడవు, అల్మరాల మధ్య సన్నటి సందుల్లోకి తోసేసే ఏర్పాటు ఉంది, లాగితే బయటికొస్తాయి. నేను హాలంతా చూసినదానికంటే ఆ నిచ్చెన చెక్కని ఎక్కువసేపు చూశాననుకుంటా.

మూడో హాలు చివర గోడకి రాజుగారి నిలువెత్తు పెయింటింగ్, చుట్టూ కర్టెన్లు పక్కకి లాగినట్టు చెక్కతో చేసిన అలంకరణ. మొదటి హాలు గుమ్మంలో నిలబడి చూడండి, కమానులన్నీ దాటి నేరుగా ఆ పటం దగ్గరికే కన్ను వెళ్తుంది. ఏ చర్చిలో అయినా ఆ చోట ఆల్టర్, అంటే పూజా వేదిక ఉంటుంది, ఇక్కడ దేవుడి ప్లేసులో రాజుగారు కూర్చున్నారు. పుస్తకాలు పక్కన నిలబడ్డ భక్తులన్నమాట. ఆర్కిటెక్చర్ తెలియని మనిషికి కూడా ఇది ఇట్టే అందుతుంది, అదీ కట్టినవాళ్ళ తెలివి. పైకప్పు చదునుగా ఉన్నా పైన ఇంకా గోడలు, స్తంభాలు లేచి ఆకాశంలోకి వెళ్ళిపోతున్నట్టు పెయింట్ చేశారు, అదంతా కంటి మాయే.

గబ్బిలాల సంగతి అందరూ చెప్తారు కాబట్టి నేను చెప్పకపోతే బాగోదు. అవును, నిజంగానే ఉన్నాయి. పగలు అల్మరాల వెనక దాక్కుంటాయి, రాత్రి బయటికొచ్చి పుస్తకాలు తినే పురుగుల్ని తినేస్తాయి. మరి అవి రెట్టలేస్తే ఆ ఖరీదైన టేబుళ్ళు పాడవవా అంటే, సాయంత్రం మూసేటప్పుడు టేబుళ్ళ మీద తోలు కప్పేస్తారు, పొద్దున తీసి నేల తుడుస్తారు. జనం దీన్ని వింత కథలా చెప్తారు గానీ నాకు మిగతా ఏర్పాట్లు ఇంకా నచ్చాయి. గోడలు రెండు మీటర్ల పైన మందం, గుమ్మానికి టేకు తలుపు, లోపల వేడి, తేమ పెద్దగా మారకుండా ఉండటానికి. అల్మరాలకి ఓక్ చెక్క వాడారు, ఆ వాసనకి పురుగు దగ్గరికి రాదట. అంటే బిల్డింగే ఒక పెద్ద పెట్టె, బయట ఎండలు మండినా లోపల పుస్తకాలకి తెలీదు. దాదాపు అరవై వేల పుస్తకాలు, ఎక్కువగా పదహారు నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా ఉన్నవి, ఇన్నేళ్ళు నిలిచాయంటే కారణం గబ్బిలం ఒక్కటే కాదు.

దీని కింద ఇంకా అంతస్తులున్నాయి, బిల్డింగు కొండ వాలులో కట్టారు కాబట్టి ప్రాంగణం వైపు నుంచి ఒక్క అంతస్తులా కనిపిస్తుంది, వెనక వీధిలోకి వెళ్ళి చూస్తే ఎంత ఎత్తుందో తెలుస్తుంది. అట్టడుగున జైలు. యూనివర్సిటీకి సొంత చట్టాలు, సొంత జడ్జి ఉండేవాళ్ళు, స్టూడెంట్ తప్పు చేస్తే ఊరి పోలీసులకి ఇచ్చేవాళ్ళు కాదు, ఇక్కడే వేసేవాళ్ళు. ఇది 1834 దాకా నడిచింది. సన్నటి మెట్లు, చిన్న గదులు, రాతి గోడలు, పైనేమో బంగారం.

లైబ్రరీ నుంచి బయటికొచ్చి ప్యాలెస్ గదుల వైపు వెళ్ళండి, ఇక్కడ టైమ్ గొడవ లేదు. సాలా దోస్ కపేలోస్ అని పెద్ద హాలు, ఒకప్పటి సింహాసనం గది, ఇప్పుడు డాక్టరేట్ డిఫెన్సులు ఇందులోనే పెడతారు. టూరిస్టులు పైన గ్యాలరీలోంచి కిందికి చూడాలి, గోడల మీద వరసగా రాజుల పటాలు, అందరూ కిందికే చూస్తుంటారు. ఆ కింద మధ్యలో కూర్చుని థీసిస్ సమర్థించుకోవాల్సినవాడి గతి ఊహించుకోండి. పక్కనే ప్రైవేట్ ఎగ్జామ్ గది, అక్కడ రాజులకి బదులు పాత రెక్టర్ల, అంటే యూనివర్సిటీ పెద్దల పటాలు. పూర్వం అభ్యర్థిని ఇందులో తలుపులేసి ప్రశ్నలడిగేవాళ్ళు, చూసేవాళ్ళెవరూ ఉండరు, రాత్రిపూట. మన వైవాలు నయం అనిపించింది. పక్క గదిలో బల్లేలు, గండ్రగొడ్డళ్ళలాంటి ఆయుధాలు పేర్చి ఉంటాయి, అవి యూనివర్సిటీ సొంత గార్డులవి, ఇప్పటికీ పెద్ద ఫంక్షన్లకి అవి పట్టుకుని నడుస్తారు. ప్రొఫెసర్ల డ్రెస్సుల రంగులు కూడా ఫ్యాకల్టీని బట్టి, వైద్యానికి పసుపు, లాకి ఎరుపు, సైన్సుకి లేత నీలం.

సావ్ మిగెల్ చాపెల్ చిన్నదే, పదహారో శతాబ్దం మొదట్లోది, గోడలకి టైల్స్, పక్కకి పొడుచుకొచ్చిన 1733 నాటి ఆర్గన్ వాద్యం. ఆర్గన్ చూడండి చాలు.

టవర్ ఎక్కాలా వద్దా అని అడుగుతారు. 34 మీటర్లు, 180 దాకా మెట్లు, ఇరుకు. అంతోనియో కనెవారి అనే ఇటలీ ఆర్కిటెక్ట్ 1728 నుంచి 1733 మధ్య కట్టాడు. ఇందులో గంటలు స్టూడెంట్ల జీవితాన్ని నడిపేవి, క్లాసెప్పుడు, రాత్రి పుస్తకం ముందు ఎప్పుడు కూర్చోవాలి అన్నీ గంటే. ఒక గంటకి మేక అని ముద్దుపేరు పెట్టుకుని తిట్టుకునేవాళ్ళు. ఇరుకులో ఊపిరాడని వాళ్ళు టవర్ మానేసినా పోయేదేం లేదు, కింది ప్రాంగణంలోంచే వ్యూ బాగుంటుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. సైన్స్ మ్యూజియం అదే టికెట్‌లో ఉన్నా ఎవరూ వెళ్ళరు, నేను వెళ్ళినప్పుడు కూడా గదులు దాదాపు ఖాళీ, నాకైతే అదే బాగుంది. కథ ఏంటంటే పొంబాల్ అనే మంత్రి, దేశాన్ని గుప్పెట్లో పెట్టుకున్నవాడు, 1759లో జెసూట్లు అనే క్రైస్తవ సంఘం పాదర్లని దేశం నుంచే వెళ్ళగొట్టాడు. వాళ్ళ కాలేజీ, చర్చి ఈ కొండ మీదే ఉండేవి. 1772లో యూనివర్సిటీకి కొత్త నిబంధనలు రాయించి లెక్కలకి, ప్రకృతి శాస్త్రానికి కొత్త ఫ్యాకల్టీలు పెట్టించాడు. బొటానికల్ గార్డెన్, కెమిస్ట్రీ ల్యాబ్, ఆ పడగొట్టేసిన అబ్జర్వేటరీ అన్నీ ఆ ఊపులో వచ్చినవే. జెసూట్ల చర్చి ఊరికి కొత్త కథీడ్రల్ అయింది, వాళ్ళ కాలేజీలో ఫిజిక్స్ పరికరాలు, జంతువుల నమూనాలు పెట్టారు, వాళ్ళు భోంచేసే హాలు ఉన్నచోట కెమిస్ట్రీ ల్యాబ్ లేచింది. బయటికి చూస్తే తెల్లగా, సాదాగా, ముందు నాలుగు స్తంభాలు, బంగారం మచ్చుకైనా లేదు. జొవానినాకీ దీనికీ మధ్య యాభై ఏళ్ళు కూడా తేడా లేదంటే నమ్మబుద్ధి కాదు, వెంటవెంటనే చూస్తే అసలు దేశం ఆలోచన ఎటు తిరిగిందో తెలుస్తుంది. 1808లో నెపోలియన్ సైన్యం మీద తిరగబడ్డప్పుడు ఇదే ల్యాబ్‌లో తుపాకీ మందు తయారుచేశారు, స్టూడెంట్లు, ప్రొఫెసర్లు కలిసి బెటాలియన్ కట్టి వెళ్ళారు.

ఇక్కడే ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. స్పెయిన్ వాళ్ళు అమెరికా కాలనీల్లో యూనివర్సిటీలు పెట్టారు గానీ పోర్చుగల్ బ్రెజిల్‌లో ఒక్కటీ పెట్టలేదు. అక్కడి డబ్బున్న కుటుంబాల పిల్లలు సముద్రం దాటి కోయింబ్రా రావాల్సిందే. పొంబాల్ మార్పుల్ని నడిపిన రెక్టర్ ఫ్రాన్సిస్కో దె లెమోస్ కూడా బ్రెజిల్‌లో పుట్టినవాడే, బ్రెజిల్ స్వాతంత్ర్యంలో ముందున్న జోసె బొనిఫాసియో ఇక్కడే చదివాడు. బంగారమూ అక్కడిదే, స్టూడెంటూ అక్కడివాడే, లైబ్రరీలో పటం మాత్రం రాజుది.

ఇక రివ్యూల్లో అందరూ ఒక్క ముక్కలో తిట్టి వదిలేసే భాగం. గేటు బయట పెద్ద పెద్ద పెట్టెల్లాంటి తెల్ల బిల్డింగులు, వెడల్పాటి రోడ్డు, మూతి బిగించుకున్న విగ్రహాలు. అందాల పాత ఊళ్ళో ఇదేంట్రా బాబూ అనిపిస్తుంది, నిజంగానే కంటికి ఇంపుగా ఉండవు, అందులో వాదన లేదు. సలజార్ తెలుసు కదా, పోర్చుగల్ని దశాబ్దాల పాటు ఏలిన నియంత, ఆయన ఇక్కడే చదివి ఇక్కడే ఎకనామిక్స్ ప్రొఫెసర్‌గా చేసి 1928లో ఆర్థికమంత్రి అయి అట్నుంచి గద్దెక్కాడు. 1940ల నుంచి ఆయన ప్రభుత్వం ఈ కొండ మీద పాత వీధుల్ని వీధులుగా కూల్చేసింది, ఇళ్ళు, పాత కాలేజీలు, స్టూడెంట్లు అద్దెకుండే గదులు అన్నీ. అక్కడ ఉండేవాళ్ళని ఊరి చివర కొత్త కాలనీలకి పంపేశారు. ఆ జాగాలో లెటర్స్ (భాషలు, సాహిత్యం), మెడిసిన్, కొత్త లైబ్రరీ, ఫిజిక్స్, మ్యాథ్స్ బిల్డింగులు లేచాయి. అందుకే సాయంత్రం క్లాసులయ్యాక ఆ రోడ్డు అంత బోసిగా ఉంటుంది, ఊరు లేని చోట మనుషులెందుకుంటారు.

కానీ వాటిలో ఆ మ్యాథ్స్ బిల్డింగ్ దగ్గరే ప్రభుత్వానికి ఎదురు తిరిగింది. 1969 ఏప్రిల్ 17న దాని ప్రారంభానికి దేశాధ్యక్షుడు అమెరికో తొమాస్ వచ్చాడు, స్టూడెంట్ యూనియన్ లీడర్ అల్బెర్టో మార్టిన్స్ లేచి స్టూడెంట్ల తరఫున మాట్లాడతానన్నాడు, ఒప్పుకోలేదు, సభ అర్ధాంతరంగా ముగిసింది, ఆ రాత్రి అతన్ని అరెస్ట్ చేశారు. తర్వాత స్టూడెంట్లు క్లాసులు, పరీక్షలు బహిష్కరించారు. జూన్‌లో ఇక్కడి స్టూడెంట్ క్లబ్ అకదెమికా పోర్చుగల్ కప్ ఫైనల్‌కి వెళ్తే స్టేడియంలో బ్యానర్లు పట్టారు, మ్యాచ్ టీవీలో రానివ్వలేదు. బెన్ఫికా చేతిలో ఓడిపోయారు అది వేరే విషయం. ఈ కథ తెలిసి ఆ బిల్డింగు ముందు నిలబడితే పెట్టెలా అనిపించదు. లేదా పెట్టెలాగే అనిపిస్తుంది కానీ కాసేపు నిలబడతారు.

గైడ్ కావాలా అంటే, కావాలి, కానీ చూసి పెట్టుకోండి. మాకు దొరికిన వాకింగ్ టూర్, పేరెందుకులే, గబ్బిలాలు, ఇక్కడి స్టూడెంట్లు సంప్రదాయంగా వేసుకునే నల్ల కోట్లు, మంత్రాల స్కూలు జోకులతోనే నడిచింది, పొంబాల్ గురించి అడిగితే లిస్బన్‌లో విగ్రహం ఉంది అన్నాడు. స్టూడెంట్లు గైడ్‌గా చేసే టూర్లు కొన్ని ఉంటాయి, అలాంటిది దొరికితే వదలకండి, వాళ్ళు నల్ల కోటు వేసుకుని అక్కడే బతుకుతున్నవాళ్ళు. మేలో వెళ్తే క్వైమా దాస్ ఫితాస్ అనే స్టూడెంట్ పండగ, ఊరంతా రంగు రిబ్బన్లు, రాత్రి పాత కథీడ్రల్ మెట్ల మీద ఫాదో అనే పోర్చుగీసు పాటలు. ఆ వారం హోటల్ రేట్లు మాత్రం మనల్ని చూసి నవ్వుతాయి.

యునెస్కో 2013లో దీన్ని జాబితాలో పెట్టినప్పుడు కొండ ఒక్కదాన్నే పెట్టలేదు, కింద సోఫియా వీధిని కూడా కలిపింది. 1530ల్లో యూనివర్సిటీ వస్తోందని కాలేజీల కోసం తిన్నగా, వెడల్పుగా వేసిన వీధి అది, ఆ కాలానికి అంత వెడల్పు వీధి అరుదు. 1834లో మత సంస్థల్ని రద్దు చేశాక ఆ కాలేజీలు రకరకాల చేతుల్లోకి పోయాయి, ఇప్పుడు చూస్తే కింద షాపులు, పైన కాలేజీ ముఖాలు. టికెట్ అక్కర్లేదు, స్టేషన్‌కి వెళ్ళే దారిలోనే.

నా రేటింగ్ 5కి 4. ఒకటి ఎందుకు తగ్గించానంటే లైబ్రరీలో ఆ ఇరవై నిమిషాలు. పుస్తకాల కోసం ఆ రూల్ పెట్టారని తెలుసు, అందరం లోపలే కూర్చుంటే ఆ చెమటకి, ఊపిరికి అవి నిలవవు, అయినా మూడో హాలు చేరేసరికి టైమ్ అయిపోయిందంటే మనసు ఒప్పుకోదు. అందుకని లోపలికి వెళ్ళగానే ముందు చివరి హాలుకి వెళ్ళిపోండి, అందరూ మొదటి హాల్లో గుంపుగా ఉంటారు, వాళ్ళు అటు వచ్చేలోపు మీరు ఇటు తిరిగి రావచ్చు. పెద్దవాళ్ళతో వెళ్తే ప్యాలెస్, లైబ్రరీ, ఆ తర్వాత బొటానికల్ గార్డెన్లో కూర్చోబెట్టండి, అక్కడ నీడ ఉంది, బెంచీలున్నాయి.